మౌనపు వారం

మా అక్కయ్యకు బయట రెండు పేర్లుండేవి. రెండూ ఆమె పెట్టుకున్నవి కావు. మా వీధిలో అందరూ ఫారాలక్క అనేవాళ్లు. పేర్ల మండలిలో పెద్దమనుషులు వద్దమ్మ అనేవాళ్లు, అదీ ఎదురుగా కాదు, పక్కవాడి చెవిలో. అక్కయ్య అంటే నాకు తోడబుట్టింది కాదు, తోటికోడలు. ఇరవై రెండేళ్లుగా ఒకే వంటింట్లో, ఒకే కుళాయి దగ్గర బతికాం. తోటికోడళ్లు సఖ్యంగా ఉంటే లోకానికి అనుమానం. మేం పోట్లాడుకోవలసినవన్నీ మొదటి ఐదేళ్లలోనే పోట్లాడేసుకుని ఆ పని ముగించాం. ఆమె గురించి ఇంకెవరైనా రాస్తే పొగుడుతారు. నేను ఉన్నదున్నట్టు రాస్తాను. జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది కనుక ఆ మాత్రం రాసే హక్కు నాకుంది.

వీధి మొదట్లో ఒకే గది. మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం. ఇటు నా కుట్టుమిషను, అటు ఆమె నెట్ సెంటరు: నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఎప్పుడూ కుంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ. చెక్క పైకప్పు దాకా లేదు కాబట్టి అటు గుసగుసలాడినా ఇటు వినిపించేది. ఉద్యోగానికి దరఖాస్తు, పింఛనుకు దరఖాస్తు, కరెంటు మీటరు పేరు మార్పిడి, అన్నీ ఆమె చేతి మీదుగానే. పెళ్లిరోజును పాస్‌వర్డ్‌గా పెట్టుకుని, అది గుర్తురాక పెళ్లానికే ఫోను చేసి తిట్లు తిన్న మగవాళ్లను ఎందరినో చూశాం. వాళ్లకు మెయిలు తెరిచిపెట్టేది అక్కయ్యే. ఆ మెయిలును వాళ్లు మళ్లీ జన్మలో చూడరని తెలిసింది కూడా ఆమెకే. అందుకే వాడుకదారుల సంఘంవాళ్లు ఆమెను ఆ మండలికి పంపారు.

మండలి అంటే వెబ్‌సైట్ల పేర్లు ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్లుంచాలో, ఎప్పుడు తీసేయాలో నియమాలు రాసే చోటు. పదిహేను కుర్చీలు. పద్నాలుగింట్లో కంపెనీలవాళ్లు, ఇంజనీర్లు, లాయర్లు, ప్రభుత్వపువాళ్లు. పదిహేనోది మామూలు వాడుకదారుల ప్రతినిధిది. ఇంట్లో ఒక్క మెయిలున్నవాడి నుంచి ఊరంతటికీ ఆ ఒక్క కుర్చీ. దానికి దరఖాస్తు పెట్టిన రోజున అక్కయ్య రెండుసార్లు తప్పు రాసి కాగితం చింపేసింది. లోకులందరి ఫారాలూ నింపిన మనిషి తన ఫారం తాను నింపుకోవడం అదే మొదటిసారి.

సమావేశాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక, కంప్యూటర్లోనే జరిగేవి. కానీ అసలు పని సమావేశాల్లో కాదు, వాళ్లు మౌనపు వారం అని పిలిచే దాంట్లో. ముసాయిదా మెయిల్లో వస్తుంది. ఏడు రోజులు గడువు. అభ్యంతరముంటే రాయాలి. ఎవరూ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అన్నారు మన పెద్దలు. ఆ మండలిలో సగం లేదు, మౌనమంటే పూర్తి అంగీకారమే.

అక్కయ్య మొదటి ఏడాది నాలుగు ముసాయిదాలకు నాలుగు అభ్యంతరాలు రాసింది. పేజీలకు పేజీలు, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని మరీ రాసింది. ఒకరోజు సమావేశంలో ఎవరో మైకు ఆపడం మరిచిపోయి, "వచ్చిందండీ మన వద్దమ్మ" అన్నాడు. పద్నాలుగు మందీ నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ, "నేను నిజంగా అన్నిటికీ అడ్డం పడతానటే?" అని అడిగింది. "నీది నోరా, లెవెల్ క్రాసింగ్ గేటా" అన్నాను, వేళాకోళానికి. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

ఐదో ముసాయిదా నలభై ఆరు పేజీలు. దాంట్లో పదిహేడో అంశం: పేరు గడువు తీరితే యజమానికి ఇంటికి ఉత్తరం పంపే పద్ధతి ఇక ఉండదు, మెయిలు మాత్రమే పంపుతారు. పొడిగించుకోవడానికిచ్చే నలభై రోజుల అదనపు గడువు పది రోజులవుతుంది. అక్కయ్య దానికింద రెండు గీతలు గీసింది. అభ్యంతరం రాసి కూడా పెట్టుకుంది. ఈలోగా అధ్యక్షుడు ఫోను చేశాడు. మర్యాదస్తుడు, గొంతులో తేనె పోసుకుని మాట్లాడేవాడు. "మేడమ్, నోటీసులు జనం భాషలో ఉండాలని మీరు ఎప్పట్నుంచో అడుగుతున్నారు కదా. ఈసారికి దీన్ని పోనివ్వండి. వచ్చే సమావేశంలో మీదే మొదటి అంశంగా పెడతాను."

ఆ లోకంలో అభ్యంతరాలను కూడా దాచుకుని, అదను చూసి ఖర్చు పెడతారట. అన్నిటికీ వద్దంటే ఏదీ వినరట. అక్కయ్య ఆ పాఠం నేర్చుకుందామనుకుంది. రాసిపెట్టిన మెయిలు పంపలేదు. ఏడు రోజులూ గడిచిపోయాయి.

తర్వాతి సమావేశంలో ఆమె అంశం రాలేదు, ఆ పై సమావేశంలోనూ రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేశారు. అది పెద్ద వింతేమీ కాదు.

ఇక గడియారాలాయన సంగతి చెప్పాలి. మా ఎదుటి మేడ మెట్లకింద అద్దాలపెట్టెలాంటి దుకాణం ఆయనది. కంటికి భూతద్దం బిగించుకుని, తల వంచుకుని, రోజంతా మనిషన్నవాణ్ణి చూడకుండా గడిపేవాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ల వయసులో ఏదో మాటామాటా వచ్చి, "గడప దాటితే మళ్లీ రాకు" అన్నాడట. ఆ పిల్ల గడప దాటింది, మళ్లీ రాలేదు. పోలీసులు, పేపర్లు, అన్నీ అయ్యాయి. చివరికి ఏడెనిమిదేళ్ల కిందట అక్కయ్య దగ్గరికి వచ్చి, నెట్‌లో ఒక పేజీ పెట్టించమన్నాడు. ఆ రోజు చెక్క మీద వేలితో తట్టి, "అమ్మాయ్, ఒక్క నిమిషం మిషను ఆపుతావా, ఆ చప్పుడులో నాకు మాట రావట్లేదు" అన్నాడు. ఆపాను.

ఆయన చెప్పింది అక్కయ్య కొట్టింది. "అమ్మా, ఆ రోజు నేనన్న మాట అనలేదనుకో. రావాలనిపిస్తే రా. రావాలని లేకపోతే బాగున్నానని ఒక్క ముక్క రాయి. నాన్న." పైన ఆ పిల్ల ఫొటో, కింద జవాబు రాసే చిన్న గడి. పేజీకి పేరు కావాలంటే కూతురి ముద్దుపేరు చెప్పాడు. ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేని పేరు. ఎవరూ తీసుకోలేదు, దొరికింది. ఆ పేరు కాగితాల మీద అచ్చేయించి దూరాలు వెళ్లే బస్సుల్లో అంటించి వచ్చాడు.

పేజీని ఏ ఊరినుంచి ఎప్పుడు చూశారో లెక్క చూపే ఏర్పాటు కూడా పెట్టింది అక్కయ్య. ఏడో నెలలో మొదలైంది. ప్రతి నెలా మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, సముద్రం పక్కనున్న ఒక దూరపు ఊరినుంచి ఎవరో ఆ పేజీ తెరిచేవాళ్లు. మూడు నాలుగు నిమిషాలు ఉండేవాళ్లు. గడిలో ఏమీ రాసేవాళ్లు కాదు. ఆ ఊళ్లో వీళ్లకు తెలిసినవాళ్లెవరూ లేరు. సోమవారం పొద్దున్నే గడియారాలాయన వచ్చి గుమ్మంలో నిలబడి, "వచ్చిందా తల్లీ?" అనేవాడు. "వచ్చింది బాబాయిగారూ." అంతే. వెళ్లి దుకాణం తీసుకునేవాడు. ఆ ఊరెళ్లి వెతకవచ్చు కదా అని నేనంటే, "వెళ్తే బెదిరి ఈ చూడ్డం కూడా మానేస్తుందమ్మా. చూస్తోందిగా, చాలు" అన్నాడు.

రెండేళ్లకోసారి పేజీ పేరు గడువు తీరేది. ఇంటికి ఉత్తరం వచ్చేది. "ఏదో కాగితం వచ్చింది చూడమ్మా" అని పట్టుకొచ్చేవాడు, అక్కయ్య పొడిగించేది. మూడోసారి ఉత్తరం రాలేదు. రాదు కూడా. మెయిలు వచ్చి ఉంటుంది, ఆయన ఎన్నడూ తెరవని మెయిలుకి. అది పరీక్షల దరఖాస్తుల నెల, సెంటరు బయట మెట్లదాకా జనం. పది రోజులు ఇట్టే అయిపోయాయి.

ఒక సోమవారం ఆయన గుమ్మంలో నిలబడి ఎప్పటి ప్రశ్న అడగలేదు. "నా కూతురి పేజీలో చక్రాలు తిరుగుతున్నాయమ్మా" అన్నాడు. పక్కింటివాళ్ల ఫోనులో చూశాడట. అక్కయ్య తెరిచింది. చెక్క ఇవతలికి గలగల నాణేల చప్పుడు, హుషారైన పాట వినిపించాయి. ఏదో జూదం కంపెనీ ఆ పేరు పట్టుకుపోయింది. ముందురోజు నెల మొదటి ఆదివారం.

అక్కయ్య చెయ్యని ప్రయత్నం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి, అయినా పట్టుకుంది. మండలికి అప్పీలు రాసింది. కార్యదర్శి జవాబిచ్చాడు: నియమం ప్రకారమే జరిగింది. కింద ఆనాటి నిర్ణయం ప్రతి జతచేశాడు. పదిహేడో అంశం, వాడుకదారుల ప్రతినిధి: అభ్యంతరం లేదు.

"నేనలా అనలేదండీ. జవాబు రాయలేదు, అంతే" అని అక్కయ్య ఫోనులో బతిమాలింది.

"మన పద్ధతిలో రెండూ ఒకటేనండి" అన్నాడు కార్యదర్శి. తప్పు లేదు, ఒకటే.

ఆ వారమే గడియారాలాయన వచ్చి కుంటి కుర్చీలో కూర్చుని అడిగాడు. "ఉత్తరాలు ఎందుకు మానేశారమ్మా?"

"నియమం మారింది బాబాయిగారూ."

"మార్చేవాళ్లలో మనలాంటివాళ్ల తరఫున మాట్లాడేవాడు ఒక్కడైనా ఉండడా?"

నేను మిషను ఆపేశాను. ఆయన మళ్లీ అడిగాడు, "ఉండడా తల్లీ?"

"కనుక్కుంటాను" అంది మా అక్కయ్య.

ఇంటికొచ్చాక అన్నం కెలుకుతూ నాతో చెప్పింది. "చదివినప్పుడే ఆయన గుర్తొచ్చాడే. ఊరికే కాదు, మనిషి మనిషిగా గుర్తొచ్చాడు. నేనున్నాగా, ఆయన్ది నేను చూసుకుంటాలే అనుకున్నా. ఒక్కసారి మంచిదాన్ననిపించుకుందామనుకున్నా వాళ్లచేత." నోరు కాదది గేటని అన్నది నేనేనని నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుండే ఉంటుంది.

ముద్దుపేరు వెనక ఒక అంకె తగిలించి పేజీని మళ్లీ పెట్టింది. పాత పేరుతో పాటే పాత లెక్కలన్నీ పోయాయి. కొత్త పేజీకి ఆ సముద్రపు ఊరినుంచి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? అంకె సంగతి ఎవరు చెప్పారు? సోమవారం ఆయన వచ్చేవాడు. "లేదు బాబాయిగారూ" అనేది. తల ఊపి వెళ్లేవాడు. ఆ తర్వాత ఆయన దుకాణంలో రెండుసార్లు భూతద్దం లేకుండానే గడియారం విప్పుతూ కనిపించాడు.

అక్కయ్య మాత్రం నెల మొదటి ఆదివారం, సెంటరు మూసి ఉన్నా సరే, వెళ్లి నాలుగింటికి ఆ జూదం పేజీ తెరిచి కూర్చునేది. సరిగ్గా నాలుగు నిమిషాలు, ఆ చక్రాలకేసి కళ్లార్పకుండా. మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

"ఏం చేస్తున్నావక్కయ్యా?"

"ఇప్పుడు ఆ పిల్ల కూడా చూస్తూ ఉంటుంది. దానికేం కనపడుతోందో చూస్తున్నా" అంది. "నాన్న విసిగిపోయి తీసేశాడనుకుంటుంది కదే."

అలా ఐదు నెలలు. ఆమె జుట్టు దువ్వుకోవడం మానేసింది. పిల్లలు పిలిస్తే రెండో పిలుపుకి పలికేది. మా బావగారు డాక్టరుకు చూపిద్దామన్నారు. చూపిస్తే డాక్టరు ఏం చూస్తాడు?

ఆరో నెలలో మా చెల్లెలి కాన్పుకు నేను వెళ్లాల్సి వచ్చింది. చెల్లెలి మొగుడికి కొత్తగా బదిలీ అయింది ఆ సముద్రపు ఊరికే. బట్టలు సర్దుకుంటుంటే అక్కయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆదివారం నాలుగింటికి నీ ఫోనులో ఆ పేజీ తెరువు. కొత్తది. నాలుగు నిమిషాలుంచి మూసెయ్."

నాకు వెంటనే అర్థమైంది. "పాపం కాదూ అక్కయ్యా?"

"ఆయన్ని చూశావుగా. పాపమో పుణ్యమో నా ఖాతాలో రాసుకో" అంది. కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనాలని కూడా అనుకోలేదు. ముసలాయన ముఖం ఒక్కసారి వెలిగితే చూడాలని నాకూ ఉంది.

ఆసుపత్రి వరండాలో నిలబడి తెరిచాను. ఆ పిల్ల ఫొటో, ఆ మూడు వాక్యాలు. నా చేత మిషను ఆపించి చెప్పిన వాక్యాలే, అయినా ఫోనులో, ఆ ఊళ్లో, ఆ వేళకి చదువుతుంటే నన్నే అడుగుతున్నట్టుంది. గడిలో వేలు పెట్టాను. బాగున్నాను అని రాసేద్దామనిపించింది. రాయలేదు. నాలుగు నిమిషాలూ అయ్యాక మూశాను.

సోమవారం అక్కయ్య "వచ్చింది బాబాయిగారూ" అంది. ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడట. పది రోజులకు నేను తిరిగొచ్చేసరికి ఆయన దుకాణంలో గడియారాలు లేవు. బాగుచేసినవీ చెయ్యనివీ అన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేశాడు.

మర్నాడు చేతిసంచీతో, ఇస్త్రీ చొక్కాతో సెంటరుకు వచ్చాడు. "మధ్యాహ్నం బస్సుకి వెళ్తున్నానమ్మా. నీకు చెప్పి వెళ్దామని."

"ఎక్కడికి బాబాయిగారూ?"

"ఇంకెక్కడికి? ఆ ఊరికే." గొంతులో నవ్వు వినిపించింది. అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "పాత పేజీ అంటే ఏ బస్సులోనో నేను అంటించిన కాగితం చూసి ఉంటుంది. కొత్త పేరు ఎవరు చెప్పారు దానికి? ఎవరూ చెప్పలేదు. వెతుక్కుంది. నా కోసం వెతుక్కుందమ్మా. అంటే రమ్మంటోందన్నమాట. ఇన్నేళ్లూ నేను కదలకపోవడమే తప్పు. అక్కడే ఒక గది చూసుకుంటాను. కనపడేదాకా ఉంటాను."

చెక్కకు ఇవతల అంతా విన్నాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తెలియని మహానగరంలో, నా నాలుగు నిమిషాల్ని పట్టుకుని కూతుర్ని వెతుక్కుంటాడు.

"వెళ్లకండి" అంది అక్కయ్య. "అది నేను చేయించిన పని."

చెప్పేసింది, ఒక్కటీ దాచకుండా. నా ఫోను సంగతి ముందు చెప్పింది. తర్వాత పదిహేడో అంశం. "ఆ రోజు మన తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరైనా ఉండరా అని అడిగారు కదా. ఉన్నారు. నేనే. నాకు ఏడు రోజులు గడువిచ్చారు. నేను మాట్లాడలేదు."

తిడతాడనుకున్నాను. చెయ్యెత్తినా అడ్డు వెళ్లకూడదనుకున్నాను. ఆయన గొంతు వినిపించింది, మెల్లిగా, ఏదో అడ్రసు అడుగుతున్నట్టు.

"అయితే ఆ ఆరేళ్లూ కూడా మీరేనా అమ్మా?"

అక్కయ్య కుర్చీ వెనక్కి పడింది. "కాదు బాబాయిగారూ! నా పిల్లల మీద ఒట్టు. అవి నేను కాదు. అది నిజంగా ఎవరో చూశారు. ఆ లెక్కలుంటే మీకు చూపించేదాన్ని, పాత పేరుతో పోయాయి."

"అలాగేనమ్మా" అన్నాడు ఆయన. ఇక నడవని గడియారాన్ని తెచ్చినవాళ్లతో కూడా ఆయన అలాగే అనేవాడు. నేను చెక్క దాటి వచ్చి, "నిజంగానే అక్కయ్య కాదండీ, నాకు తెలుసు" అన్నాను. నాకేసి చూశాడు. నా మాటకు ఇక ఏం విలువుందో ఆ చూపులోనే తెలిసింది. సంచీ తీసుకుని ఎదుటి మేడ మెట్లెక్కి పైన తన ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కలేదు.

వారం తర్వాత దుకాణం తెరిచాడు. పేజీ తీసేయమని పక్కింటివాళ్లతో కబురంపాడు. అక్కయ్య తీసేసింది. సోమవారాలు ఆయన రావడం లేదు.

మండలిలో అక్కయ్య ఇంకా ఉంది. ఇప్పుడు ఏ ముసాయిదా వచ్చినా ఆ రోజే జవాబు రాస్తుంది. ఏడాది పోరాడి, ఇంటికి ఉత్తరం పంపే పద్ధతిని మళ్లీ తెప్పించింది. వద్దమ్మ అని ఇప్పుడు ఎదురుగానే అంటారట. ఆమె నవ్వదు.

ఆరేళ్లపాటు ఆ పేజీ చూసింది ఎవరో మాకు తెలియదు. అక్కయ్య కాదు. అప్పట్లో ఆ ఊళ్లో మాకెవరూ లేరు, చెల్లెలు వాళ్లు వెళ్లింది తర్వాతే. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆ మనిషి దిగులుగా గుమ్మంలో నిలబడితే ఆమె తట్టుకోలేదని కూడా నాకు తెలుసు. నన్నడిగినట్టు ఇంకెవర్నైనా అడిగి ఉంటుందా అని ఒక మధ్యాహ్నం, సూదిలో దారం ఎక్కిస్తుండగా, నా బుర్రలోకి వచ్చింది. వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అప్పట్నుంచి అది పోవడం లేదు. అక్కయ్య చెక్కకు అవతలే ఉంది, ఒక్క మాట అడిగితే చెబుతుంది, చెబితే నేను నమ్ముతానో లేదో నాకు తెలియదు. అందుకే ఇంతవరకూ అడగలేదు.